ఇయర్‌బడ్స్ కొనేముందు: విజయవాడ, గుంటూరు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ బడ్స్ కొనాలో చెప్పమని చుట్టాలూ స్నేహితులూ నన్ను అడుగుతూ ఉంటారు. వాళ్ళలో ఒకరు పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్ళొస్తుంటారు, ఒకరు గుంటూరు మిర్చి యార్డులో పనిచేస్తారు, ఒకరు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో సంగీతం నేర్పుతారు. ముగ్గురికీ ఒకే పేరు చెబితే కనీసం ఇద్దరికి డబ్బు దండగ. అందుకే ఇక్కడ మోడళ్ళ జాబితా ఇవ్వడం లేదు. మోడళ్ళు ఆరు నెలలకోసారి మారిపోతాయి. ఏ పనికి ఏం చూడాలో తెలిస్తే, షాపులో ఏ కొత్త పెట్టె చూపించినా మీరే తేల్చుకోగలరు.

అసలు ఎక్కడ మొదలుపెట్టాలి? ధరతోనా, బ్రాండ్‌తోనా?

రెండింటితోనూ కాదు. రోజులో ఎక్కువసేపు ఎక్కడ ఉండి వింటారో అక్కడ మొదలుపెట్టండి. ఏసీ గదిలో చదువుకునేవాళ్ళకి కావలసింది వేరు, నెహ్రూ బస్టాండులో నిలబడి కాల్స్ మాట్లాడేవాళ్ళకి కావలసింది వేరు. తర్వాత మీ ఫోన్ ఏదో చూడండి. ఆ తర్వాత చెవికి సరిపడుతుందా అని చూడండి. ధర, బ్రాండ్ చివర్లో వస్తాయి. చాలామంది దీన్ని తలకిందులు చేసి, ఆఫర్ కనిపించగానే కొనేసి, నెల తిరక్కుండానే సొరుగులో పడేస్తున్నారు.

పెట్టెమీద ఈఎన్‌సీ అని ఉంది. అంటే బయటి గోల వినపడదు కదా?

వినపడుతుంది. ఎక్కువమంది నిరాశపడేది ఇక్కడే, కాబట్టి ఓపిగ్గా చదవండి.

ఏఎన్‌సీ మీ చెవి కోసం. బడ్‌లోని మైకు బయటి శబ్దాన్ని పట్టుకుంటుంది, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని స్పీకర్ పుట్టిస్తుంది, రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఈఎన్‌సీ అవతలివాళ్ళ చెవి కోసం. మీరు ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు మీ చుట్టూ ఉన్న రొదను తగ్గించి మీ గొంతును పంపిస్తుంది. ఈఎన్‌సీ ఒక్కటే ఉన్న బడ్స్ పెట్టుకుని బెంజ్ సర్కిల్‌లో నిలబడితే హారన్లన్నీ మీకు వినపడుతూనే ఉంటాయి. రోజంతా కాల్స్ మాట్లాడే ఉద్యోగమైతే ఈఎన్‌సీ బాగుండాలి. ప్రశాంతంగా వినాలంటే ఏఎన్‌సీ ఉండాలి. షాపువాళ్ళు రెండింటినీ "నాయిస్ క్యాన్సిలేషన్" అని ఒకే మాటలో చెప్పేస్తారు. ఏది అని గట్టిగా అడగండి.

ఏఎన్‌సీ ఉన్నా అన్ని శబ్దాలూ పోవు. ఫ్యాన్, ఏసీ, బస్సు ఇంజను, రైలు హోరు, ఇలా ఒకే తీరుగా ఆగకుండా వచ్చేవి బాగా తగ్గుతాయి. మాటలు, హారన్లు, కుక్కర్ విజిల్ కొంత తగ్గుతాయి గానీ మాయం కావు. పెట్టెమీద రాసే డెసిబెల్స్ అంకె కూడా సాధారణంగా ఏదో ఒక ఫ్రీక్వెన్సీ శబ్దం దగ్గర వచ్చిన గరిష్ఠ తగ్గింపే. ఆ అంకె పెద్దదని పరుగెత్తకండి.

50 గంటల బ్యాటరీ అంటున్నారు. నిజమేనా?

బడ్స్‌ను పెట్టి చార్జ్ చేసే కేస్‌తో కలిపి చెప్పే లెక్క అది. బడ్స్ ఒకసారి నిండితే 7 గంటలు వస్తాయనుకోండి, కేస్ వాటిని మరో ఆరుసార్లు నింపగలిగితే మొత్తం 49 గంటలు. ఏకధాటిగా మీకు దొరికేది ఆ 7 గంటలే. అది కూడా సాధారణంగా సౌండ్ సగం దగ్గర పెట్టి, ఏఎన్‌సీ ఆపేసి కొలిచినది. ఏఎన్‌సీ వేస్తే, కాల్స్ మాట్లాడితే ఇంకా తగ్గుతుంది. ఎనిమిది గంటలు ఆగకుండా కాల్స్‌లో ఉండేవాళ్ళకి నా సలహా మెడలో వేసుకునే నెక్‌బ్యాండ్. దాని బ్యాటరీ పెద్దది, పడిపోదు, పోదు, ధర తక్కువ. ఫ్యాషన్ పోయిందని దాన్ని పక్కన పెట్టేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

మిర్చి యార్డులో పని. చెమట, దుమ్ము రెండూ. ఐపీఎక్స్4 సరిపోతుందా?

చెమటకి సరిపోతుంది. దుమ్ము సంగతి ఆ అంకె చెప్పదు. ఐపీ తర్వాత వచ్చే మొదటి గుర్తు దుమ్ముకి, రెండోది నీటికి. మొదటి చోట ఎక్స్ ఉందంటే దుమ్ము విషయంలో రేటింగ్ ఇవ్వలేదని అర్థం. యార్డు, పత్తి జిన్నింగ్ మిల్లు, ఆటోనగర్ షెడ్లు, ఇలాంటి చోట్ల పనిచేసేవాళ్ళు ఐపీ54 లేదా ఐపీ55 ఉన్నవి చూసుకోవాలి. నీటి వైపు 4 అంటే అన్ని వైపుల నుంచి పడే చిలకరింపును తట్టుకుంటుంది. 7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట వరకు తట్టుకుంటుంది. అయినా 7 ఉంది కదా అని వాటితో కృష్ణలో మునగకండి. ఆ పరీక్ష జరిగేది కదలని మంచినీళ్ళలో. పైగా చాలావాటిలో ఆ రక్షణ బడ్స్‌కే ఉంటుంది, కేస్‌కి ఉండదు. తడి బడ్స్‌ను అలాగే కేస్‌లో పెడితే లోపలి పిన్నులు తుప్పు పడతాయి.

యార్డువాళ్ళకి ఇంకో మాట. కాయ తాకిన చేత్తో బడ్ ముట్టుకుని చెవిలో పెట్టుకుంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. చెవిలోపలి చర్మం చాలా పలచన. పని మధ్యలో తీసి పెట్టే అలవాటు ఉంటే మెడలో వేలాడే నెక్‌బ్యాండే నయం. అప్పుడు కూడా లారీలు వెనక్కి వచ్చే చోట ఒక చెవి ఖాళీగా ఉంచండి.

రైల్లో, బస్సులో ఎక్కువ తిరుగుతాను. ఏం చూడాలి?

మీలాంటివాళ్ళకే ఏఎన్‌సీ మీద పెట్టిన డబ్బుకి పూర్తి ఫలితం దక్కుతుంది. హోరు తగ్గితే సౌండ్ పెంచాల్సిన అవసరం ఉండదు, చెవికీ మంచిది. కిటికీ తీసి ఉన్న బోగీలో గాలి నేరుగా మైకుకి తగిలి బుస్సుమని వినిపిస్తుంది. అప్పుడు ఏఎన్‌సీ ఆపేయడమో, యాప్‌లో గాలి రొద తగ్గించే సెట్టింగ్ ఉంటే వేయడమో చేయాలి. బయటి మాట వినిపించే ట్రాన్స్‌పరెన్సీ మోడ్ కూడా ఉండాలి, లేకపోతే తెనాలి దాటినా తెలియదు. గుంటూరు, విజయవాడ మధ్య రోజూ తిరిగేవాళ్ళు పది నిమిషాల చార్జింగ్‌తో గంటకు పైగా నడిచే ఫాస్ట్ చార్జింగ్ ఉందేమో చూసుకోండి. పొద్దున్నే చార్జింగ్ పెట్టడం మర్చిపోయిన రోజు దాని విలువ తెలుస్తుంది.

ఆన్‌లైన్‌లో పిల్లలకి కర్ణాటక సంగీతం నేర్పుతాను. నేను బడ్స్ పెట్టుకుంటే శ్రుతి మధ్యమధ్యలో ఆగిపోతోందని వాళ్ళు అంటున్నారు. ఖరీదైనవి కొంటే బాగవుతుందా?

కాదు. దయచేసి ఆ డబ్బు ఖర్చుపెట్టకండి. ఘంటసాల వేంకటేశ్వరరావు గారి పేరున ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉన్న ఊరు మన విజయవాడ. ఇంటి నుంచి విదేశాల్లోని పిల్లలకి పాఠం చెప్పే గురువులకి ఈ ఇబ్బంది ఎదురవుతూనే ఉంటుంది. కారణం తెలిస్తే తీర్చుకోవడం తేలిక.

తంబురా ఆగకుండా, ఒకే తీరుగా మోగుతుంది. ఫ్యాన్ హోరు కూడా అంతే. రొద తగ్గించే సాఫ్ట్‌వేర్‌కి ఆ రెండింటికీ తేడా తెలియదు, శ్రుతిని కూడా రొద అనుకుని కోసేస్తుంది. మీరు షడ్జమం మీద గొంతు నిలిపినా కొన్నిసార్లు దాన్నీ తినేస్తుంది. ఈ కోత రెండుచోట్ల జరుగుతుంది. ఒకటి బడ్స్‌లో, రెండోది జూమ్ లాంటి యాప్‌లో. జూమ్‌లో "ఒరిజినల్ సౌండ్" అనే సెట్టింగ్ ఉంది, పాఠం మొదలుపెట్టేముందు అది వేయండి. బడ్స్‌లో జరిగేదాన్ని మాత్రం చాలా మోడళ్ళలో ఆపలేం. పైగా ఖరీదు పెరిగేకొద్దీ రొదను ఇంకా గట్టిగా కోస్తాయి.

ఇంకొకటి ఉంది. బ్లూటూత్ మైకు వాడుతున్నప్పుడు శబ్దం కాల్ మోడ్‌లోకి వెళ్ళిపోతుంది. అది మాట కోసం చేసినది. గొంతులోని పై స్థాయి వివరాలన్నీ అందులో పోతాయి. మాటకి చాలు, గమకానికీ వీణ మీటుకీ చాలదు. దీనికి తోడు ఇంటర్నెట్ ఆలస్యం ఎలాగూ ఉంటుంది, బ్లూటూత్ దాన్ని ఇంకొంచెం పెంచుతుంది. పిల్లల తాళం మీకు వెనకబడి వినిపించడంలో దాని వాటా కూడా ఉంది.

కాబట్టి పాఠానికి వైరున్న ఇయర్‌ఫోన్స్ వాడండి. ఫోన్‌కి జాక్ లేకపోతే టైప్-సీ వైరువి దొరుకుతాయి. మైకుగా ఫోన్ సొంత మైకునో, వీలైతే ల్యాప్‌టాప్‌కి పెట్టే యూఎస్‌బీ మైకునో ఎంచుకోండి. బడ్స్‌ను కచేరీలు వినడానికి ఉంచుకోండి. అందుకోసం కొనేటప్పుడు యాప్‌లో ఈక్వలైజర్ (బేస్ లాంటివి విడివిడిగా పెంచి తగ్గించుకునే సెట్టింగ్) ఉన్నవే తీసుకోండి, ఎందుకంటే మన మార్కెట్లో వచ్చే తక్కువ ధర బడ్స్‌లో ఎక్కువ భాగం బేస్ బాగా పెంచి ఉంటాయి. వాటిలో వింటే మృదంగం ఎడమచేతి దెబ్బ గాయకుడి గొంతును కప్పేస్తుంది. బేస్ రెండు మెట్లు తగ్గించి చూడండి, పాట ఎంత తేటగా వస్తుందో.

ల్యాప్‌టాప్‌లో మీటింగ్ మొదలవగానే పాట క్వాలిటీ పడిపోతోంది. బడ్స్ పాడయ్యాయా?

పాడవలేదు. పైన చెప్పిన కాల్ మోడే ఇది. మీటింగ్ యాప్‌లో మైకు దగ్గర బడ్స్ బదులు ల్యాప్‌టాప్ మైకును ఎంచుకోండి, వెంటనే సౌండ్ మామూలవుతుంది. కొత్తగా వస్తున్న ఎల్ఈ ఆడియో అనే బ్లూటూత్ పద్ధతిలో ఈ తేడా చాలావరకు తగ్గుతుంది. కానీ ల్యాప్‌టాప్, బడ్స్ రెండూ దాన్ని సపోర్ట్ చేయాలి.

ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు మల్టీపాయింట్ ఉందా అని కూడా అడగండి. ల్యాప్‌టాప్‌కీ ఫోన్‌కీ ఒకేసారి కలిసి ఉంటే, మీటింగ్ మధ్యలో అమ్మ ఫోన్ చేసినా తిప్పలు పడక్కర్లేదు.

గేమ్స్ ఆడితే తుపాకీ శబ్దం లేటుగా వస్తోంది.

మామూలు బ్లూటూత్‌లో సెకనులో ఐదో వంతు దాకా ఆలస్యం మామూలే. వీడియో యాప్‌లు బొమ్మను కూడా అంతే ఆపి సరిచేస్తాయి, గేమ్ అలా చేయలేదు. గేమ్ మోడ్ ఉంటే తగ్గుతుంది, పూర్తిగా పోదు. పోటీకి ఆడేవాళ్ళకి వైరు ఇయర్‌ఫోన్సే సరైనవి.

ఎల్‌డీఏసీ ఉన్నవి కొంటే సౌండ్ బాగుంటుందా?

ఎల్‌డీఏసీ ఒక కోడెక్, అంటే బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే పద్ధతి. మీ ఫోన్ ఐఫోన్ అయితే ఆ మాట మర్చిపోండి. ఐఫోన్ ఎస్‌బీసీ, ఏఏసీ కోడెక్‌లతోనే పాట పంపుతుంది. సోనీ తయారుచేసిన ఎల్‌డీఏసీ గానీ, క్వాల్కమ్ వాళ్ళ ఆప్ట్‌ఎక్స్ గానీ అందులో పనిచేయవు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎల్‌డీఏసీ పనిచేస్తుంది, సెకనుకి 990 కిలోబిట్ల దాకా పంపగలదు. కానీ జనం కిక్కిరిసిన చోట అంత వేగం నిలవదు, పాట తెగుతుంది. యూట్యూబ్ పాటలు వినేవాళ్ళకి దీనివల్ల పెద్దగా ఒరిగేది లేదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. యాపిల్ వాళ్ళ ఎయిర్‌పాడ్స్‌ను ఆండ్రాయిడ్‌కి కలిపితే మామూలు బ్లూటూత్ బడ్స్‌లాగే పనిచేస్తాయి, సెట్టింగ్‌లు మార్చుకునే యాప్ ఉండదు. ఆ డబ్బులో సగం వృథా. ఫోన్ ఏ కంపెనీదైతే ఆ కంపెనీ బడ్స్ ముందు చూడటం మంచి పద్ధతే.

నాకు ఏ బడ్సూ చెవిలో నిలవవు. నా చెవులే అలాంటివా?

చెవులు సరైనవే, రబ్బరు టిప్పులే సరైనవి కావు. పెట్టెలో మూడు సైజులు ఇస్తారు. చాలామంది బిగించి వచ్చిన మధ్య సైజుతోనే సర్దుకుపోతారు. మూడూ మార్చి చూడండి. కుడిచెవి, ఎడమచెవి ఒకే సైజు కావాలనీ లేదు. పెట్టుకున్నాక దవడ ఆడించండి, మాట్లాడండి. జారకూడదు, నొప్పి పుట్టకూడదు. టిప్పు సరిగా మూసుకోకపోతే బేస్ పోతుంది, ఏఎన్‌సీ పనిచేయదు. 'సౌండ్ బాలేదు' అని వెనక్కి ఇచ్చేసేవాటిలో కొన్నిటికి టిప్పు మారిస్తే చాలు. లోపలికి దూరేవి అసలు పడనివాళ్ళకి చెవి అంచున ఆగే రకాలున్నాయి, చెవికి క్లిప్‌లా పట్టుకునే ఓపెన్ రకాలు కూడా వచ్చాయి. వాటిలో బయటి శబ్దం మాత్రం ఆగదు.

బండి మీద వెళ్ళేటప్పుడు ఒక్క చెవికే పెట్టుకుంటే పర్లేదా?

వద్దు. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. వెనక బస్సు ఎంత దగ్గరికొచ్చిందో, ఎటు నుంచి వస్తోందో తెలియాలంటే రెండు చెవులూ కావాలి. ఒక చెవితో శబ్దం వినిపిస్తుంది గానీ దిక్కు తెలియదు. ట్రాన్స్‌పరెన్సీ మోడ్ ఉన్నా అంతే, మైకు గుండా వచ్చే శబ్దంలో గాలి హోరే ఎక్కువ. డెలివరీ చేసే పిల్లలకి మ్యాప్ దారి చెప్పాలి, ఆ అవసరం నిజమే. ఫోన్‌ను హ్యాండిల్ హోల్డర్‌లో పెట్టి స్పీకర్ వేసుకోండి. కాల్ వస్తే బండి పక్కకి ఆపండి.

ఎంత సౌండ్ దాకా మంచిది? మా అబ్బాయి రోజంతా చెవుల్లోంచి తీయడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. పిల్లలకి అదే 40 గంటలు 75 దగ్గరే. సౌండ్ 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సమయం సగమవుతుంది. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10. 90కి చేరితే వారం మొత్తానికి 4 గంటలే. చెవిలోపల శబ్దాన్ని పట్టే సన్నని కణాలు ఒకసారి చనిపోతే మళ్ళీ మొలవవు. అందుకే ఇది నాకు సౌండ్ క్వాలిటీ కన్నా ముఖ్యం.

ఇంట్లో కూర్చున్నప్పుడు సగం దాటనివ్వకండి. బాబు బడ్స్ పెట్టుకుని ఉండగా మీరు చెయ్యి చాపినంత దూరంలో మామూలు గొంతుతో పిలవండి. పలక్కపోతే సౌండ్ ఎక్కువైనట్టే. ఫోన్ సెట్టింగ్‌లలో గరిష్ఠ పరిమితి పెట్టే వీలుంటే పెట్టేయండి. తీసేసిన తర్వాత చెవిలో గుయ్ మంటుంటే, అది తగ్గకపోతే, ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి.

తలస్నానం చేసిన తడి చెవుల్లో వెంటనే బడ్స్ పెట్టుకోవద్దు. మన ఉక్కపోతలో చెవిలో ఫంగస్ చేరడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. ఒకరి బడ్స్ ఒకరు మార్చుకోవడమూ అంతే.

నాన్నగారికి టీవీ సరిగా వినపడటం లేదు. మంచి బడ్స్ కొనిద్దామనుకుంటున్నాను.

ముందు చెవి పరీక్ష చేయించండి. గుబిలి గట్టిపడినా వినికిడి తగ్గుతుంది, దానికి పది నిమిషాల శుభ్రం చాలు. వయసుతో తగ్గినదైతే హియరింగ్ ఎయిడ్‌ను వినికిడి లెక్కకి తగ్గట్టు సెట్ చేస్తారు, మామూలు బడ్స్ అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచుతాయి. పరీక్ష అయ్యాక, టీవీ కోసమే అయితే, పెద్ద బటన్లున్న నెక్‌బ్యాండో చెవి మీద కూర్చునే హెడ్‌ఫోనో కొనండి. చిన్న బడ్‌ను తాకి పాట ఆపడం పెద్దవాళ్ళ వేళ్ళకి కష్టం.

బెసెంట్ రోడ్డులో ఎయిర్‌పాడ్స్ రెండు వేలకే ఇస్తామంటున్నారు.

అవి ఎయిర్‌పాడ్స్ కావు. 'ఫస్ట్ కాపీ', 'మాస్టర్ కాపీ' అని ఏ పేరు పెట్టినా నకిలీయే. పెట్టె, సీరియల్ నంబర్ కూడా అచ్చు దింపుతారు కాబట్టి చూపుతో పోల్చలేరు. ఐఫోన్‌కి కలిపితే అసలువో కాదో నిర్ధారించలేకపోతున్నానని ఫోనే హెచ్చరిస్తుంది. నాకు భయం సౌండ్ గురించి కాదు, లోపల ఉండే లిథియం బ్యాటరీ ఎవరు చేశారో తెలియకపోవడం గురించి. మనదేశంలో అమ్మే వైర్‌లెస్ ఇయర్‌ఫోన్స్‌కి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పెట్టెమీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు.

అదే రెండు వేలకి అసలైన బ్రాండ్‌వి బోలెడు దొరుకుతాయి. జీఎస్‌టీ బిల్లు తీసుకోండి, ఫోటో తీసి దాచుకోండి. వారంటీ ఉండి కూడా సర్వీస్ ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఎంత పెట్టాలి?

వెయ్యి, పదిహేను వందల్లో కాల్స్‌కి, పాటలకి బాగానే ఉంటాయి, గట్టి ఏఎన్‌సీ మాత్రం ఆశించకండి. రెండు వేల నుంచి నాలుగు వేల మధ్య బోట్, నాయిస్, రియల్‌మీ, సీఎంఎఫ్, మన హైదరాబాద్ కంపెనీ మివి లాంటివాటి మధ్య పోటీ గట్టిగా ఉంది. ఎక్కువమందికి ఇక్కడే ఆగిపోవడం మేలు. ఐదు నుంచి పది వేలల్లో ఏఎన్‌సీ, మైకు స్పష్టంగా మెరుగవుతాయి. ఇరవై వేలు దాటే యాపిల్, సోనీ, బోస్ బడ్స్ నిజంగా గొప్పగా ఉంటాయి. కానీ ఏ ధరవైనా లోపలి చిన్న బ్యాటరీ రెండు మూడేళ్ళకి నీరసిస్తుంది, మార్చడం దాదాపు కుదరదు. వారానికి రెండుసార్లు వాడేవాళ్ళు అంత పెట్టడం నాకు నచ్చదు.

మన ఎండలకి పాడవుతాయా?

బ్యాటరీకి వేడి శత్రువు. ఎయిర్‌పాడ్స్‌ను ఉంచదగ్గ గరిష్ఠ ఉష్ణోగ్రత 45 డిగ్రీలని యాపిల్ చెబుతుంది. రోహిణి కార్తెలో మన నీడే ఆ అంకె దగ్గరికి చేరుతుంది, ఎండలో నిలబెట్టిన స్కూటర్ డిక్కీ సంగతి చెప్పాలా? డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డు మీద వదలకండి. బ్యాగులో వెంట తీసుకెళ్ళండి.

బ్లూటూత్ రేడియేషన్‌తో మెదడుకి ప్రమాదమా?

బ్లూటూత్ వాడేది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలు, వాటి శక్తి చెవి దగ్గర పెట్టుకునే ఫోన్ కన్నా చాలా తక్కువ. ఈ టెన్షన్ వద్దు. సౌండ్ గురించి జాగ్రత్తపడండి.

ఒక వైపు చార్జింగ్ ఎక్కట్లేదు. సౌండ్ కూడా తగ్గింది.

చార్జింగ్‌కి: బడ్ మీద, కేస్ లోపల ఉన్న పిన్నులను పొడిగుడ్డతో తుడవండి. చెమట మరకే చాలాసార్లు కారణం. తర్వాత రెండూ కేస్‌లో పెట్టి రీసెట్ చేయండి. సౌండ్‌కి: టిప్పు తీసి లోపలి జాలీ చూడండి, గుబిలి పేరుకుని ఉంటుంది. బడ్‌ను కిందికి వంచి పట్టుకుని మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి. సూదితో పొడవద్దు, జాలీ లోపలికి పోతుంది.

ఒక బడ్ ఎక్కడో పడిపోయింది. మొత్తం కొత్తవి కొనాలా?

ముందు వెతకండి. చాలా కంపెనీల యాప్‌లలో చివరిసారి ఫోన్‌తో కలిసి ఉన్న చోటు చూపిస్తుంది. అక్కడికెళ్ళి నెమ్మదిగా నడుస్తూ ఫోన్ మళ్ళీ కలుస్తుందేమో గమనించండి, కలిస్తే శబ్దం మోగించే బటన్ నొక్కండి. బడ్ చార్జింగ్ అయిపోతే ఫోన్‌కి కలవదు, శబ్దమూ మోగదు, కాబట్టి ఆలస్యం చేయొద్దు. దొరక్కపోతే కంపెనీ సర్వీస్ వాళ్ళని ఒక్క బడ్ అమ్ముతారా అని అడగండి. యాపిల్ లాంటివాళ్ళు అమ్ముతారు, తక్కువ ధరవాటిలో చాలావాటికి దొరకదు. కొన్నా సరిగ్గా అదే మోడల్ అయి ఉండాలి.

అప్పటిదాకా ఉన్న ఒక్కదానితో వినాలంటే ఫోన్ సెట్టింగ్‌లలో యాక్సెసబిలిటీలోకి వెళ్ళి మోనో ఆడియో వేసుకోండి. స్టీరియో పాటల్లో కొన్ని వాయిద్యాలు ఒక వైపే వినిపిస్తాయి. ఈ సెట్టింగ్‌తో రెండు వైపులవీ ఒకే చెవిలోకి వస్తాయి.